నరసంచారం లేని తీరం

6 నవంబరు 1967, బాపట్ల

స్కూలు వదిలాక తీరశోభా సంఘం మీటింగు, మా స్టాఫ్ రూములోనే. ప్రెసిడెంటుగారి నోటినిండా జర్దాకిళ్ళీ. "పై ఊళ్ళవాళ్ళు మన సముద్రం చూడ్డానికి రావాలండీ, వాళ్ళ కంటికి శుభ్రంగా కనపడాలండీ" — అని కిటికీలోంచి తుపుక్కున ఉమ్మటం. కిటికీ కింద మా ఎనిమిదో తరగతి పిల్లలు వేసిన బంతిమొక్కలు. అంత రైసుమిల్లు ఉన్న మనిషికి ఉమ్ముకోవడానికి సొంత గోడ లేదా?

పుస్తకం నేను రాయాలట. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు — గుళ్ళు, పాత రాళ్ళు, సముద్రం. "సోషల్ చెప్పే టీచరుగారుండగా ఇంకొకరెందుకండీ?" నేను నోరు విప్పేలోపే హెడ్‌మిస్ట్రెస్ తల ఊపేసింది. జనవరికల్లా అచ్చు కావాలి.

ఒళ్ళు మండింది. కానీ అట్టమీద నా పేరు వేస్తారట. దానికి లోపల్లోపల పొంగిపోయాను కూడా... ఈ పేజీ దగ్గర దాపరికమెందుకు.

9 నవంబరు

సెలవు పెట్టి రేపల్లె వైపు. తెనాలిలో బండి మారి, ఆపైన ఒంటెద్దు బండి, నడుం విరిగింది. పొలంలో పాత రాయి ఉందన్నారు — ఉంది. నిలువెత్తు పలక, అంచంతా తామరరేకులు, ఎంత సన్నటి పని! దానికి గేదెని కట్టేశారు. రేకుల మీద పిడకలు కొట్టారు.

"ఇదెప్పటిది బాబాయ్?" అంటే, "రాములవారు కూచున్న రాయంటమ్మా" అన్నాడు రైతు. పక్క ఊళ్ళో రాములవారు స్నానం చేశారు. దాని పక్క ఊళ్ళో సీతమ్మవారు పసుపు నూరారు. తెలియదు అని చెప్పే మనిషి ఒక్కడూ తగల్లేదు. రోత పుట్టింది. నేను మటుకు కళ్ళతో చూసిందే రాస్తాను, విన్నది రాయను.

12 నవంబరు, ఆదివారం

సంఘం వాళ్ళ కార్తీక సమారాధన, సముద్రం ఒడ్డున. చూసి రాసుకోవచ్చని వెళ్ళాను.

ఉసిరిచెట్టు కింద తినాలి కదా. ఇసుకలో ఉసిరిచెట్టెక్కడిది? కొమ్మ నరికి తెచ్చి కిరసనాయిలు డబ్బాలో పాతారు. డబ్బాకి పసుపు, కుంకుమ. దాని చుట్టూ విస్తళ్ళు.

కట్టెలు చాల్లేదు. దిబ్బ మీద వరసలు వరసలుగా సరుగుడు గుంజలు పాతి ఉన్నాయి — పైన కప్పులేదు, చుట్టుపక్కల మనిషి లేడు. పాత తిరునాళ్ళ పందిళ్ళవి అనుకున్నాం. వంటవాళ్ళు పీక్కొచ్చి పొయ్యిలో పెట్టారు. బూరెలు బాగా కుదిరాయి, మూడు తిన్నాను.

తిని లేచాక చూడాలి ఆ భాగవతం! విస్తళ్ళన్నీ నీళ్ళలోకి విసిరారు. కెరటం వాటిని తెచ్చి మళ్ళీ మా కాళ్ళమీదే పడేసింది, ఎంగిలి పప్పుతో సహా. ప్రెసిడెంటుగారు మోకాళ్ళలోతులో నిలబడి గరగరా పుక్కిలించి అందులోనే ఊశారు. పక్కనే ఆడవాళ్ళు దీపాలు వదులుతున్నారు. ఫొటోగ్రాఫరుకి మాత్రం — "చెత్త పడకుండా తియ్యవయ్యా" అని పురమాయింపు.

14 నవంబరు

సముద్రం పేజీ రాశాను. "నరసంచారమెరుగని నిర్మల సైకత తీరం." నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. ఈయనకి వినిపించాను. "బాగుందోయ్, రేడియోలో చెప్పినట్టుంది" అన్నారు, చేతిలో పేపరు మడవకుండానే. తాలూకా ఆఫీసులో ఫైళ్ళు రాసే మనిషికి ఇంతకంటే మెచ్చుకోవడం రాదు.

25 నవంబరు

తెనాలి, ప్రెస్సులో ప్రూఫులు. సిరా, కిరసనాయిలు, చెమట — మూడూ కలిసిన కంపు. టీ తెచ్చిచ్చారు, గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు. తాగలేకపోయాను.

ముసలి కంపోజిటరు కళ్ళజోడు పైకి తోసుకుని — "టీచరుగారండీ, ఇక్కడేమో నరసంచారం లేదనుంది. ఫొటోలో ఈ తెప్ప ఏంటండీ?" నిజమే, ఓ మూల బోర్లించిన తెప్ప. "పాతదండీ, ఎవరో వదిలేశారు" అన్నాను. "వదిలేసినోడు మనిషే కదండీ" అని నవ్వాడు. అక్షరాలు పేర్చుకోక నా వాక్యంతో ఇతనికేం పని? చిరాకేసింది. ఫొటో అచ్చుదిమ్మ ఎటూ పేజీలో పట్టడంలేదు, ఆ మూల కోయించేశాను.

4 డిసెంబరు

కార్తీకం వెళ్ళి రెండు రోజులు కాలేదు, అత్తయ్యకి చందువ పులుసు కావాలి. సరిగ్గా ఆదెమ్మ వచ్చింది, నెల్లాళ్ళ తర్వాత. పదకొండేళ్ళుగా మా వీధికంతా చేపలిచ్చేది అదే.

"ఎక్కడికెళ్ళావే ఇన్నాళ్ళూ?" ఊరికే అడిగాను, చేప మొప్ప ఎత్తి చూస్తూ.

"నిజాంపట్నం పక్క కాలవలకమ్మగారూ, రొయ్య ఎండబెట్టే పనికి. కార్తీకంలో ఊళ్ళో మా చేప ఎవరు కొంటారు? యేటా అంతే కదా. కప్పులు దింపుకుని పిల్లా జెల్లా అందరం పోతాం. ఈసారి తిరిగొచ్చేసరికి గుంజలు లేవమ్మా. ఇరవై రెండిళ్ళ గుంజలు! ఎవరో పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. బూడిద అక్కడే ఉంది."

"ఎక్కడ మీ ఇల్లు?"

"దిబ్బ మీదండి, సముద్రం పక్కన. పదకొండేళ్ళకి అడిగారు." నవ్వుతూనే అంది.

చేప చేతిలోంచి జారి గుమ్మంలో పడింది. మేం చేపలు మానేసిన నెలలో వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోయిన నెలలోనే మేం సముద్రం చూడబోతాం... నేను తిన్న బూరెలు వాళ్ళ ఇళ్ళమీద వేగాయి. పులుసు ముట్టలేదు. అత్తయ్య రెండుసార్లు వడ్డించుకుంది.

9 డిసెంబరు

ఆ వాక్యం మార్చమని ప్రెస్సుకి కార్డు సోమవారం సాయంత్రమే రాశాను. ఇవాళ పోస్టు చేశాను. ఈ అయిదు రోజులూ అది నా సొరుగులో ఉంది. పుస్తకం ఆలస్యమవుతుందేమో, ప్రెసిడెంటుగారు ఏమంటారో, అంత మంచి వాక్యం పోతుందే... ఛీ. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

15 డిసెంబరు

జవాబు. "ఫారములు అచ్చు అయిపోయినవి. క్షమించగలరు."

21 జనవరి 1968

పుస్తకం వచ్చింది. అట్టమీద నా పేరు, ప్రెసిడెంటుగారి ఫొటో కింద, చీమంత అక్షరాల్లో. లోపల రెండు పేజీలు ఆయన తాతగారు తవ్వించిన దిగుడుబావి గురించి. నేను రాయలేదు ఆ పేజీలు. రాములవారు అందులో కూడా నీళ్ళు తాగారట.

2 ఫిబ్రవరి

ఈయన ఆఫీసునించి వచ్చి చొక్కా కూడా విప్పకుండా — "నీ పుస్తకం మా ఫైల్లో ఉంది."

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. దిబ్బ మీద అతిథిగృహం, చుట్టూ తోట కడతామని సంఘం అర్జీ పెట్టుకుంది. స్థలం ఖాళీయేనా అని ఆఫీసు అడిగింది. సంఘం జవాబుగా నా పేజీ చింపి జతచేసింది. "నరసంచారమెరుగని" కింద ఎర్రపెన్సిలు గీత. ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళు కొత్తగా వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళట, ముప్ఫై రోజుల్లో లేచిపోవాలట. ఆ నోటీసు తనే సొంతచేత్తో రాశానన్నారు. రాయక ఏం చేస్తారు?

అప్పుడు చొక్కా విప్పి మేకుకి తగిలించారు.

14 ఫిబ్రవరి, మాఘ పౌర్ణమి

సముద్రస్నానాలకి జనం. ఒడ్డున సంఘం సభ. నాకు సన్మానమట. వద్దని చెప్పాలని వెళ్ళలేదు, మైకులో చెబుదామని వెళ్ళాను — ఈ దిబ్బ మీద మనుషులున్నారు, నేను రాసింది తప్పు — ఇంతే కదా, రెండు ముక్కలు. దారంతా వల్లించుకున్నాను.

ప్రెసిడెంటుగారు శాలువా కప్పుతుంటే ఆ జర్దా వాసన మెడ మీద తగిలింది. మైకు ముందు నిలబడ్డాను. జనం చివర ఆదెమ్మ, తలమీద బుట్ట, నన్నే చూస్తూ నవ్వుతోంది, తనకి తెలిసిన టీచరమ్మకి దండ వేశారని. "అందరికీ నమస్కారం" అన్నాను. అంతే. కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు!

నాలాంటిదాన్ని ఏ నీళ్ళలో ముంచితే శుభ్రమవుతుంది? శాలువా పెట్టె అడుగున పడేశాను.

16 ఫిబ్రవరి

ఆదెమ్మ వచ్చింది, బుట్ట లేకుండా. నోటీసు చదివించుకుందట ఎవరిచేతో. సంగతి మొత్తం తెలిసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు రాసినదాన్ని మీరే కొట్టెయ్యాలమ్మగారూ. మా మాట ఎవరింటారు?"

అర్జీ రాశాను. నాలుగు పేజీలు. ఇంకొక్క మంచి వాక్యం కూడా రాయకూడదని చూసుకుంటూ రాశాను.

22 ఫిబ్రవరి

సాక్షి సంతకాలకి మా వీధి మొత్తం తిరిగాను. దిబ్బ మీదివాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడివాళ్ళేనని ఒక్క ముక్క కింద సంతకం — నేనడిగింది అంతే.

"చేపలు కొన్నాం గానీ టీచరుగారూ, వాళ్ళ ఇల్లు మేం చూశామా?"

"మా ఆయన ఊళ్ళో లేరండి." ఆయన దగ్గు లోపల్నించి వినబడుతూనే ఉంది.

"ప్రెసిడెంటుగారితో మనకెందుకమ్మా?" ఈవిడ ఈ మాట అంటున్నప్పుడు వెనక వంటింట్లో పొయ్యిమీద నెత్తళ్ళ వేపుడు. ఎవరిచ్చారమ్మా తల్లీ ఆ నెత్తళ్ళు?

పద్నాలుగు ఇళ్ళు. ఒక్క సంతకం లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను.

1 మార్చి

అర్జీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఈయన తన బల్ల దగ్గర తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు... ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్తుడే. పుస్తకంలోంచి చింపిన పేజీ ఒక చేత్తో, అర్జీ ఒక చేత్తో పట్టుకుని — "రెండూ మీరు రాసినవేనండీ. దేన్ని నమ్మమంటారు?"

"దీన్ని సార్."

"అది అచ్చయింది కదమ్మా."

3 మార్చి

పొద్దున్నే ప్రెసిడెంటుగారు మా ఇంటికి. అత్తయ్య హడావిడిగా కాఫీ. "మీ వారికి మాచర్ల వైపు బదిలీ అనుకుంటున్నారు, విన్నారామ్మా? మనం చెబితే ఆగుతుందిలెండి." కాఫీ తాగాడు, నవ్వాడు, వెళుతూ వెళుతూ నేను వేసిన ముగ్గు మీద ఉమ్మాడు. ఎర్రగా. రెండు బిందెలు పోసి కడిగినా రాయి మీద మరక పోలేదు.

ఈయన — "అర్జీ వెనక్కి తీసుకుంటావా?" అన్నారు. తీసుకోమనలేదు. అడిగారంతే.

"తీసుకోను."

"సరే."

17 ఏప్రిల్

ఉత్తర్వు వచ్చింది. ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారు. దిబ్బ మీద ఎన్ని గుడిసెల్లో కాపురాలున్నాయో లెక్క రాస్తారు, అన్నిటికీ అక్కడే ఉండే హక్కు. ఖాళీగా ఉన్నవాటికి లేదు. సగం ఖాళీ అయితే మొత్తం లేదు. అప్పటిదాకా ఎవరూ కదిలించకూడదు.

ఆదెమ్మ నా చేతులు పట్టుకుంది. చేపవాసన. పట్టుకోనిచ్చాను.

సాయంత్రం ఈయన మెల్లగా మిగతాది చెప్పారు. తనిఖీ ఎప్పుడంటే — కార్తీకంలో. ఎండలు, తర్వాత వానలు, తర్వాత ఆఫీసు పనులు... ఆ నెలయితే వీలని సంఘం సూచించిందట. ఆఫీసరు ఎక్కడివాడో, కార్తీకానికీ దిబ్బకీ సంబంధం ఆయనకేం తెలుసు? సూచించినవాడికి తెలుసు. మా గుమ్మంలో కాఫీ తాగిన నోటితోనే సూచించి ఉంటాడు. ఎంత నీచం!

20 అక్టోబరు 1968

ఎల్లుండి నుంచి కార్తీకం. దిబ్బవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారట. ఈసారి కాలవలకి వెళ్ళరు. "చూసి రాసుకునిపోయేదాకా కదలం" అంది ఆదెమ్మ.

"నెల్లాళ్ళూ ఏం తింటారే?"

"చేపలే తింటాం" అని నవ్వింది.

28 అక్టోబరు, కార్తీక సోమవారం

వీధిలో ఆదెమ్మ కేక వినబడగానే తలుపులు ధడాలున మూసుకున్నాయి. మూడో ఇంటావిడ వాకిట్లోకి వచ్చి — "బుద్ధుందా లేదా నీకు? సోమవారం పూట ఈ కంపేంటి?" అని పేడనీళ్ళు చల్లింది, బుట్ట మీద పడేట్టే చల్లింది. మొన్న సంతకం పెట్టనిది ఈవిడే.

మిషన్ వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు కొంటున్నారట. ఇరవై రెండిళ్ళ చేపలకి అది ఏ మూలకి? ఎండబెడదామంటే ముసురు. కుళ్ళినవి గొయ్యి తీసి పూడుస్తున్నారు.

తనిఖీ కబురు లేదు.

4 నవంబరు, సోమవారం

ఉపవాసం. గుమ్మంలో ఆదెమ్మ — చేపలమ్మడానికి కాదు, తనిఖీ ఎప్పుడో అడగడానికి. కళ్ళు లోపలికి పోయాయి. పిల్లకి జ్వరం, బియ్యం లేవు. బుట్టలో చందువలు. "అవి ఇలా ఇవ్వు" అన్నాను.

"వొద్దమ్మగారూ, కార్తీకం. మీకు పాపం."

"పాపం సంగతి నువ్వు నాకు చెప్పకు. ఇవ్వు."

బియ్యం కొలిచి పోశాను, చేపలు తీసుకున్నాను. పారెయ్యచ్చు, ఎవరికీ తెలియదు. కానీ పారేస్తే అది ముష్టి వేసినట్టే కదా, కొన్నట్టు కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి వండాను. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని — "నా కళ్ళముందే! నీళ్ళు పోసుకున్నా పోదే ఈ మైల! నేనింక నీ చేత్తో మంచినీళ్ళు కూడా తాగను." అరుపులకి వీధంతా కిటికీల్లోంచి చూసింది.

పుట్టి బుద్ధెరిగాక ఈ నెలలో ముట్టలేదు నేను. మొదటి ముద్దకి డోకు వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాను. ఈయన హోటల్లో తినొచ్చారు.

8 నవంబరు

తనిఖీ లేదు. ఆదెమ్మ దగ్గర మళ్ళీ కొన్నాను. ఇవాళ డోకు రాలేదు. అత్తయ్య వంట వేరు.

12 నవంబరు

తనిఖీ లేదు. రెండు కాపురాలు కాలవలకి వెళ్ళిపోయాయి, పసిపిల్లలతో. తప్పు పట్టడానికి ఎవరికి నోరుంది?

16 నవంబరు

లేదు. గాలివాన. ఇంకో తొమ్మిది కాపురాలు పోయాయి.

17 నవంబరు, ఆదివారం

ఈయన అన్నం తింటూ, పళ్ళెంలోకే చూస్తూ — "ఎల్లుండి పొద్దున. ఆఫీసరు, నేను, జీపులో."

అమావాస్యకి ముందురోజు. ఇంతకాలం ఎందుకు ఆగారో తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం దిబ్బకి వెళ్ళి చెప్పాను. మొదటిసారి ఆ గుడిసెలు లోపల్నించి చూశాను. నా పుస్తకంలో చూడదగ్గ చోట్లు ఇరవై మూడు... ఆదెమ్మ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. పదకొండిళ్ళలో మనుషులున్నారు, పదకొండు ఖాళీ. సరిగ్గా సగం ఖాళీ.

"ఇంకొక్క ఇంట్లో మనిషుంటే చాలమ్మగారూ." నా వైపు చూడకుండా వేలితో ఇసుక గీసింది. "మీరొచ్చి కూచుంటారా? ఆ ఒక్క పూట."

19 నవంబరు 1968

ఇది దిబ్బ మీద గుడిసెలో కూర్చుని రాస్తున్నాను. స్కూలుకి కడుపునొప్పని చీటీ పంపాను. అత్తయ్యకి ఎక్కడికో చెప్పలేదు. ఈయనకీ చెప్పలేదు.

నేల తడి. మూలన ఎవరో వదిలేసిన ఎండుచేపల కంపు, తలమీద కప్పునుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు, చీరంతా ఇసుక. లేచి పారిపోవాలని ఉంది. అచ్చులో ఒక అబద్ధం వేశాను, ఇవాళ ఇంకో అబద్ధానికి వచ్చి కూర్చున్నాను. ఆదెమ్మనడిగితే — "ఆ ఇంటోళ్ళు రేపో ఎల్లుండో వచ్చేస్తారు కదా, అబద్ధమేంటి?" అంటుంది. అదీ నిజమే. ఏమో.

ఆఫీసరు ఈ గుమ్మం ముందు ఆగి "ఇక్కడెవరు?" అంటారు. ఫైలు పట్టుకుని పక్కన నిలబడేది ఈయనే. నన్ను చూసి కాగితం మీద ఏం రాయాలో ఈయనే తేల్చుకోవాలి. మాచర్ల కాగితం ఇంకా ప్రెసిడెంటుగారి చేతిలోనే ఉంది.

దూరంగా కట్టమీద జీపు మోత. ఆదెమ్మ గుడిసె గుడిసెకీ పరుగెత్తుతూ కేకలేస్తోంది — పొయ్యిలు వెలిగించండి, పొగ కనపడాలి, దూరం నించే కనపడాలి. మిగతా కప్పులన్నిట్లోంచీ పొగ లేస్తోంది. నాకు ఈ తడికట్టెలు అంటుకోవటంలేదు. అగ్గిపెట్టెలో మూడు పుల్లలున్నాయి.